సూరి బండిలో కృష్ణ నీళ్ళు

రాయచూరు తీన్ కందిల్ దగ్గర మోటారు సామాన్ల షాపులు అడుగుకొకటి ఉన్నాయి. వాటిలో ఒక్క షాపుకే బోర్డు లేదు. అవసరం పడలేదు. లింగసుగూరు నుంచి బ్రేకు లైనర్ల కోసం వచ్చిన లారీ డ్రైవరైనా, గోరేబాళ నుంచి ట్రాక్టరు బేరింగు చేత పట్టుకొచ్చిన రైతైనా "రేసక్క షాపు ఎక్కడ?" అంటే చాలు, పది చేతులు మా ఎదురు వైపుకు లేస్తాయి. ఎదురు వైపంటున్నాను గదా, ఇవతల వైపున్న షాపు నాది, అంటే యోగానంద్‌ది. ఇత్తడి సామాన్లు, స్టీలు సామాన్లు. నా షాపుకు బోర్డుంది, బోర్డు చుట్టూ రంగు లైట్లున్నాయి. అయినా జనం "రేసక్క ఎదురుగా గిన్నెల షాపు" అనే అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత అలవాటైపోయింది.

రేసక్క అసలు పేరు సౌభాగ్యలక్ష్మి. ఆమె నాకంటే పదేళ్ళు పెద్దది. జుట్టు ముగ్గుబుట్టయినా నడుము వంగలేదు. పొద్దున షాపు తెరిచి, తండ్రి ఫోటోకు ఒక పూవు, తమ్ముడి ఫోటోకు ఒక పూవు పెట్టి గల్లా పెట్టె ముందు కూర్చుంటుంది. ఏ బండికి ఏ ఫ్యాన్ బెల్టో కాగితం చూడకుండా చెబుతుంది, తప్పు చెప్పినా ఒప్పుకోదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మా బజారులో ఎవరికీ లేదు, నాకసలే లేదు.

ఆ రెండో ఫోటోలో ఉన్నవాడే సూర్యప్రకాశ్. ఊరందరికీ సూరి. కార్ల రేసుల్లో చాంపియన్. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, మా రాయచూరు నుంచి ఒకడు పాత ఫియట్ కారేసుకుని మద్రాసు దాకా పోయి, అక్కడి పెద్దింటి బిడ్డల కార్లన్నిటినీ దుమ్ములో వదిలేసి కప్పు పట్టుకొచ్చాడు. ఒక్కసారి గాదు, వరసగా. ఆ కప్పులు ఇప్పటికీ అక్క షాపులో ఆయిల్ ఫిల్టర్ల పక్కన బీరువాలో ఉన్నాయి. బండిని రేసుకు తయారుచేసింది మెకానిక్ హనుమప్ప. వీళ్ళిద్దరూ కలిసి బండి వెనక సీటు పీకేశారు, తలుపు మీద పెద్ద ఏడంకె వేయించారు. అప్పుడు శక్తినగర్‌లో బొగ్గు కరెంటు ప్లాంటు కడుతున్నారు. పెద్ద పెద్ద యంత్రాలు పోవాలని రోడ్డును నున్నగా చేశారు. సూరి పొద్దున్నే ఆ రోడ్డు మీద ప్రాక్టీసు చేసేవాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఇంజనీర్లు టీ గ్లాసులు పట్టుకుని కాలనీ గోడ దగ్గర నిలబడి చూసేవాళ్ళు. నేనూ సైకిలు మీద పోయి చూసేవాణ్ణి. నాకైతే బండి కనిపించేది గాదు, దుమ్ము కనిపించేది.

అలాంటివాడు తొంభై ఒకటిలో పోయాడు. నిండా నలభై రాకుండానే.

ఇక్కడే అక్కకు అందరితోనూ పేచీ. రేసు డ్రైవర్ అనేసరికి జనం వాడి చావును కూడా రేసులోనే జరిపించేస్తారు. ఒకసారి గోరేబాళ రైతొకాయన బేరింగు కొంటూ ఫోటో చూసి నిట్టూర్చాడు.

"పాపం, రేసులో బండి తిరగబడి పోయారటగదండీ?"

"కామెర్లొచ్చి పోయిండు," అంది అక్క, బేరింగు కాగితంలో చుడుతూ. "మంచంల పండుకొని, నా చేతుల గంజి తాగి పోయిండు. రేసుల వానికి ఒక్కనాడు చిన్న గీత గూడ పడలే. పోయినోని మీద అబద్ధాలు చెప్పొద్దు."

ఆ రైతు ముఖం చిన్నబోయింది. బండి తిరగబడి ఉంటేనే ఆయనకు బాగుండేదేమో. అక్క మాత్రం ఎవరినీ వదలలేదు. ఆ మాట ఎవరి నోట విన్నా పిలిచి మరీ దిద్దేది. తమ్ముడి గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఒక్క పిసరు ఎక్కువ గాదు తక్కువ గాదు, అని ఆమె పట్టు.

ఉన్నది ఉన్నట్టు చెప్పే ఆ అక్కే మాకందరికీ చెప్పిన ముచ్చట ఒకటుంది. అది బిందె ముచ్చట.

వాళ్ళింట్లో ఆయుధ పూజకు షాపులో తక్కెడ, పనిముట్లు, బండ్లు అన్నిటి మీదా మొదట చల్లే నీళ్ళు కృష్ణవే కావాలి. తండ్రి నాటి ఆచారం. మహానవమి పొద్దున శక్తినగర్ దాటి కృష్ణ ఒడ్డుకు పోయి, ఇత్తడి బిందె నిండా ముంచుకుని రావాలి. తండ్రి బస్సులో తెచ్చేవాడు. మనిషి తోసి మనిషి తోసి ఊరు చేరేసరికి సగం నీళ్ళు కండక్టరు మీదే పోయేవట. సూరి చేతికి బండి వచ్చాక ఆ పని వాడిది. అక్క ముందు సీట్లో కూర్చుని నిండు బిందె ఒళ్ళో పెట్టుకునేది. మూత లేదు, గుడ్డ కట్టేది లేదు. ఇరవై కిలోమీటర్లు. "నా చీర మీద చుక్క ఒలకలే, ఏ ఒక్క ఏడూ ఒలకలే," అని అక్క చెప్పేది. రేసులో కప్పు ఎవరైనా గెలుస్తారు, నిండు బిందె ఇంటికి తేవడం సూరికే చేతనవును అనేది. నేను ఆ మాటను గట్టిగా వాడుకున్నాను. నా షాపుకు బిందెలు కొనడానికి వచ్చిన పెళ్ళివాళ్ళకు ఈ కథ చెప్పి, చాంపియన్ ఇంటి బిందె ఇదే సైజని చూపించేవాణ్ణి. బిందెకు, డ్రైవరుకు సంబంధమేమిటని ఎవరూ అడగలేదు, కొనుక్కుపోయేవాళ్ళు.

సూరి పోయిన తర్వాత కూడా బిందె ఆగలేదు. హనుమప్ప నడిపేవాడు, అక్క అదే సీట్లో అదే బిందెతో కూర్చునేది. మిగతా రోజుల్లో బండి షాపు వెనక షెడ్డులో గుడ్డ కప్పుకుని పడుకునేది. మహానవమి నాడు మాత్రం బంతిపూల దండ వేసుకుని, తలుపు మీద ఏడంకెతో తీన్ కందిల్ నుంచి బయల్దేరేది. ముసలివాళ్ళు అరుగుల మీద నుంచి లేచి నిలబడి, "సూరి బండి పోతున్నది" అనేవాళ్ళు. ఏడాదికొకసారి ఊరు వాడి పేరు పలికేది ఆ పూటే. అక్కకు కావలసింది కూడా అదే.

చిక్కు విజయకుమార్ దగ్గర మొదలైంది. ఇతను అక్కకు చిన్న తమ్ముడు, హోల్‌సేల్ వ్యవహారం అంతా చూసేవాడు. చెడ్డవాడు గాదు. బ్యాటరీల స్టాకు వానకు తడుస్తుంటే, షెడ్డు మొత్తం కదలని బండి ఆక్రమించుకుంటే ఎవరికైనా చిరాకే. ఒక ఏడు ఉగాది నాడు భోజనాల దగ్గర మాట ఎత్తాడు. నేనూ అక్కడే బొబ్బట్టు తింటున్నాను.

"అక్కా, బెంగుళూరుల ఒకాయన ఉన్నడు. పాత రేసు బండ్లన్ని అద్దాల హాలు కట్టి పెట్టిండు. సూరన్న బండి ఆడ ఉంటే దేశమంత చూస్తది. ఈడ ఎలుకలు చూస్తున్నయి."

అక్కకు కోపం వచ్చింది. కోపంలో ఆమె నోటికి హద్దుండదు.

"బండి బిందె తెచ్చినన్ని ఏండ్లు ఇంట్ల ఉంటది. తేని ఏడు తీస్కపొయ్యి నీ అద్దాలాయనకియ్యి. నేను అడ్డమొస్తే అడుగు."

అన్న మాట వెనక్కు తీసుకోవడం ఆమెకు తెలియదు. విజయకుమార్ లేచి చెయ్యి కడుక్కున్నాడు. నేను చేతిలో బొబ్బట్టు విస్తట్లో పెట్టేశాను.

సరిగ్గా దసరా ముందర హనుమప్పకు కంటి ఆపరేషను చేయాల్సి వచ్చింది. శుక్లం. డాక్టరు నల్లద్దాలు పెట్టి, బండి నడిపితే కన్ను నీది గాదు అని చెప్పి పంపాడు. ఈ సంగతి తెలిసిన రోజు అక్క షాపులో ఎవరికీ సామాను సరిగా ఇవ్వలేదు. క్లచ్ ప్లేటు అడిగితే హారను ఇచ్చింది.

విజయకుమార్ మర్యాదస్తుడు. పందెం ఇలా గెలవడం తనకూ ఇష్టం లేదని తనే డ్రైవర్లను పిలిపించాడు. మొదట వచ్చినవాడు గేరు కోసం కాళ్ళ దగ్గర వెతికి వెతికి, అది స్టీరింగు పక్కనే ఉందని తెలిసి నవ్వి వెళ్ళిపోయాడు. రెండోవాడు ధైర్యవంతుడు. ముందుకు పోవాలనుకుని రివర్సులో వచ్చి నా షాపు మెట్లకు గుద్దాడు. నా బిందెలు బజారంతా దొర్లాయి. వాటిని ఏరుకుంటూ, అద్దాల హాలే మేలు అనుకున్నాను. తర్వాత సిగ్గుపడ్డాను.

మహానవమి పొద్దున నేను షట్టరు ఎత్తుతుంటే అక్క వచ్చి నిలబడింది. చంకలో బిందె, కొంగున తాళం చెవి.

"యోగా, షాపు బంద్ చెయ్. బిందె పట్టుకోనీకి మనిషి గావాలె."

"నడిపేదెవరక్కా?"

"నేను."

అప్పుడు గుర్తొచ్చింది. సూరి బతికున్నప్పుడు అక్కకు ప్లాంటు రోడ్డు మీద డ్రైవింగు నేర్పించాడు, లైసెన్సు కూడా ఇప్పించాడు. తర్వాత ఒకరోజు బండి జొన్న చేన్లోకి దూసుకుపోయింది. అంతే, అక్క మళ్ళీ స్టీరింగు ముట్టలేదు. లైసెన్సు మాత్రం గడువు తీరినప్పుడల్లా పోయి మళ్ళీ రాయించుకునేది. ఎందుకక్కా అంటే, సూరి ఇప్పించింది పాడువెట్టుకుంటనా అనేది. సూరి జ్ఞాపకాల్లో అదీ ఒకటనుకున్నాం గానీ, దాంతో పని పడుతుందని ఎవరనుకున్నారు!

"అక్కా, జొన్న చేను..." అన్నాను.

"ఇప్పుడు ఆడ చేన్లెక్కడున్నయ్? అన్ని ప్లాట్లే. ఎక్కు."

హనుమప్ప అప్పటికే వెనక గోనె సంచుల మీద కూర్చుని ఉన్నాడు, నల్లద్దాలు పెట్టుకుని. వాళ్ళావిడ అయ్యమ్మ రోడ్డు మీద నిలబడి తిడుతోంది. డాక్టరు నడపొద్దన్నాడు గానీ కూర్చోవద్దనలేదని ఆయన జవాబు. విజయకుమార్ గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తున్నాడు. అతని ముఖంలో గెలుపు లేదు, భయం ఉంది. "పైలం అక్కా," అన్నాడు.

బండి కదలడం ఒక పెద్ద తతంగం. రెండుసార్లు ఎగిరి ఆగింది. "అక్కావ్రే, నిధాన బిడ్రి, క్లచ్చు నిదానంగ వదలండ్రి!" అని వెనక నుంచి హనుమప్ప కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి అరిచాడు. మూడోసారికి కదిలింది. బజారులో చప్పట్లు కొట్టారు. అరుగుల మీద ముసలివాళ్ళు లేచారు గానీ, నడిపేదెవరో చూసి "సూరి బండి" అనడం మరిచిపోయారు.

చాంపియన్ బండిని ఆ రోజు దాటిపోని వాహనం లేదు. కొమ్ములకు రంగులేసిన ఎడ్ల బండి ఒకటి మమ్మల్ని దాటింది. దాని తోలేవాడు వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. బూడిద ట్యాంకర్లు హారన్లు కొట్టి కొట్టి పక్క నుంచి పోయాయి. అక్క ఎవరి వైపూ చూడలేదు. పళ్ళు బిగబట్టి, స్టీరింగును మేకపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ప్లాంటు పొగగొట్టాలు కనబడుతూనే ఉన్నాయి, దగ్గరకు మాత్రం రావడం లేదు.

మొత్తానికి కృష్ణ చేరాం. అక్క మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, పసుపు కుంకుమ వదిలి, బిందె ముంచింది. అంచు దాకా నిండింది. నేను జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండు తీశాను. షాపువాణ్ణి, ముందుచూపు ఉంటుంది. అక్క నా వైపు చూసింది. నేను కవరు మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

తిరుగు ప్రయాణంలో బిందె నా ఒళ్ళోకి వచ్చాక తెలిసింది అదేం పనో. ఆ ఏడు వానలకు రోడ్డు గుంతలు పడి ఉంది. నీళ్ళు ప్రతి గుంతకూ అటొకసారి ఇటొకసారి వంగి, నన్నొకసారి పలకరించి పోతున్నాయి. ప్లాంటు గేటు దగ్గర వేగం తగ్గించబోయి అక్క ఏం చేసిందో, ఇంజను దగ్గి ఆగిపోయింది. తాళం తిప్పితే గరగరమంటుంది తప్ప అందుకోవడం లేదు. మళ్ళీ తిప్పింది. మళ్ళీ.

షిఫ్టు దిగి వస్తున్న కూలీలు నలుగురు, చేతుల్లో పూజ ప్రసాదం పొట్లాలతో ఆగారు. "తోయాలా అమ్మా?" అన్నారు. అక్క వద్దని తల ఊపింది. తోయించుకుని ఇల్లు చేరితే, బండి తెచ్చినట్టు ఎట్లా అవుతుంది? స్టీరింగు మీద నుదురు ఆనించింది.

"నాతోని గాదురా సూరీ," అంది.

ఆ మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. ఒళ్ళో బిందె లేకపోతే దిగి ఎటైనా పోయేవాణ్ణి.

"పెట్రోలు ఎక్కువ తాగింది అక్కావ్రే," అన్నాడు హనుమప్ప వెనక నుంచి తాపీగా. "జర సేపు ఊకె ఉండండ్రి. అదే దిగుతది."

ఊరికే ఉన్నాం. ఎండ ముదురుతోంది. కాసేపటికి అక్క తల ఎత్తి, కాలనీ గోడ వైపు చూసింది.

"ఊరంత వాని స్పీడు చూసింది యోగా. ఈ గోడ కాడ నిలబడి మీరందరు చూసిండ్రు. నేను వాని స్పీడు ఒక్కనాడు చూడలే. ఒక్క రేసుకు గూడ పోలే, భయానికి. నేను పక్కల కూసుంటే వాడు గీ ఎడ్ల బండి తీరుగ నడిపెటోడు. ఎనకంగ ఎవడన్న హారను గొడితే, పో బిడ్డా పో, మా అక్క ఉన్నది అనెటోడు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అందరు స్పీడు స్పీడు అంటరు. నాకు వాని నిదానమే యాదికొస్తది. నేను పోతే అది చెప్పెటోడు ఎవడున్నడు?"

ఇన్నేళ్ళూ ఎదురు షాపులో కూర్చుని కప్పులు చూశాను, ఏడంకె చూశాను. ఇది చూడలేదు.

అక్క తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. హనుమప్ప గోనె సంచి మీద చరిచాడు.

ఆ తర్వాత ఆమె బాగానే నడిపింది. నిజం చెబుతున్నాను, బాగానే నడిపింది. గేరు మారుస్తుంటే బండి ఎగరలేదు. ఊళ్ళోకి వచ్చేశామని నేను కాళ్ళు కాస్త చాపుకున్నాను. సరిగ్గా అప్పుడే, నీళ్ళు నిలిచి అడుగు కనబడని గుంతలో ముందు చక్రం దిగింది. బిందె నా గుండెల మీదికి వంగింది. చల్లటి కృష్ణ నా చొక్కాలోంచి దిగి, ప్యాంటు తడిపి, చెప్పుల్లో నిండింది.

తీన్ కందిల్ దగ్గర జనం మూగి ఉన్నారు. బండి షాపు ముందు తన ఇంజనుతోనే వచ్చి తన బ్రేకుతోనే ఆగింది. నేను తలుపు తీసుకుని దిగితే నా నుంచి నీళ్ళు కారుతున్నాయి. జనం నవ్వారు. విజయకుమార్ నవ్వలేదు. బిందెలోకి తొంగి చూశాడు.

"సగమే ఉన్నయి గదక్కా," అన్నాడు మెల్లగా.

అతను పందెం మాట ఎత్తలేదు, అక్కకు మాత్రం అదే వినిపించింది. ఆమె బండి దిగి, కొంగు సర్దుకుని, జనం అందరి వైపూ చూసింది. కామెర్ల సంగతి చెప్పేటప్పుడు ఉండే ముఖమే అది.

"సూరి మొదటిసారి తెచ్చినప్పుడు బిందెల అడుగున చారెడు ఉండె," అంది. "మిగిలినయన్ని నా పట్టుచీర మీదనే. ఇంటికొచ్చి ఏడ్సినంత పని జేసిండు. ఎవరికి చెప్పకక్కా అని చేతులు పట్టుకున్నడు. చెప్పలే. చుక్క ఒలకలే అనే చెప్పిన. ఆ మర్సటేడు నుంచి నిజంగనే ఒలకలే."

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరో కాదు, పోయినవాడి మీద అబద్ధం చెప్పొద్దని ఊరందరినీ దిద్దిన అక్క! బండి వెనక నుంచి హనుమప్ప నవ్వు వినిపించింది.

"నేను గూడ ఎనక కూసోని తడిసిన గదా ఆ పొద్దు," అన్నాడు నల్లద్దాలు సర్దుకుంటూ. "ఇన్నేండ్లు నోరు మూసుకుంట కూసున్న."

విజయకుమార్ మళ్ళీ బిందె వైపు చూశాడు. అన్న గురించి తనకు తెలియని ముక్క ఒకటి మిగిలి ఉందని అతనెప్పుడూ అనుకోలేదేమో. కళ్ళు ఎర్రబడ్డాయి. తర్వాత వంగి, బిందెలో చెయ్యి ముంచి, బండి ముందు భాగం మీద నీళ్ళు చల్లాడు. ఏడంకె మీద కూడా చల్లాడు.

"బ్యాటరీలకు వేరే షెడ్డు చూస్త," అన్నాడు. "వచ్చే ఏడుకన్న నిండ బిందె తే అక్కా."

"తెస్త," అంది అక్క. "యోగాను కొంచెం గట్టిగ పట్టుకొమ్మను."

తప్పంతా నా మీదికే వచ్చింది. నాకు కోపం రాలేదు. పూజ అయింది, గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, అందరికీ బొరుగులూ బెల్లమూ పంచారు. ఇంటికి పోయి బట్టలు మార్చుకోమని అక్క రెండుసార్లు చెప్పింది. నేను పోలేదు. ఆ తడి బట్టలతోనే నా షాపు మెట్ల మీద కూర్చున్నాను, పోయేవాళ్ళు ఎవరైనా ఆగి, ఏమైంది యోగానంద్, ఎట్ల తడిసినవ్ అని అడుగుతారని.